సెర్నోల్ ఏరు ఎటు జరిగింది

నవంబరు 9

ఉద్యోగం దొరికింది. దొరికిన పద్ధతి ఎవరితోనూ చెప్పుకునేది కాదు, అందుకని ఈ నోటుబుక్కుకి చెబుతున్నాను.

పాత ఇంట్లో ఆరేళ్ళు డ్రైవరుగా చేశాను. పిల్లలందరికీ లైసెన్సులు వచ్చేశాయి, ఇంక నువ్వెందుకని ఆ ఇంటి యజమాని బాబా నవ్వుతూనే పంపేశాడు. వీసా మార్చుకునే గడువు దగ్గర పడుతోంది. దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో గయాజ్ భాయ్ టైపింగ్ సెంటర్‌కి వెళ్ళి బయోడేటా కొట్టించాను. ఆయన నా పాస్‌పోర్టు తిరగేసి, పుట్టిన చోటు యానాం అని చూశాడు.

"అరే గిరి భాయ్, యానాం అంటే ఫ్రెంచోళ్ళది కదా! ఫ్రెంచి వస్తదని రాసేస్తున్నా. నాలుగు భాషలుంటే కాగితానికి వజన్ ఉంటది."

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపు ప్రింటు వచ్చేసింది. వచ్చిన ప్రింటు పారేయమని ఎలా అంటాం?

అసలు మాది యానామే కాదు. గోదావరికి ఇవతలి ఒడ్డున తాటాకులంక. మా అమ్మకి నొప్పులు వచ్చిన రోజున యానాం వెళ్ళే పడవ సిద్ధంగా ఉంది, అదీ నాకూ ఫ్రాన్సుకీ ఉన్న చుట్టరికం. నాకు తెలిసిన ఫ్రెంచి బోంజూర్, మెర్సీ, సా వా. మా తాతకి వీవ్ లా ఫ్రాన్స్ కూడా వచ్చు గానీ ఆయన అది కల్లు తాగినప్పుడే అనేవాడు.

ఆ బయోడేటా చూసి ఫోను చేసిన ఫ్రెంచాయన, లూక్ సార్, ఇంగ్లీషులోనే మాట్లాడాడు. చివర్లో మాత్రం "బోంజూర్" అన్నాడు. నేను కంగారులో "బోంజూర్, సా వా, మెర్సీ" అని ఉన్న ఆస్తంతా ఒకేసారి ఖర్చుపెట్టేశాను. ఆయన మురిసిపోయాడు. చలికాలమంతా ఉండడానికి ఆయన తండ్రి వస్తున్నాడట. పెద్దాయనకి ఫ్రెంచి తప్ప ఇంకో ముక్క రాదట. సార్ ఆఫీసులో ఉంటే రోజంతా ఆయన్ని తిప్పేది, ఆయనతో మాట్లాడేది నేనే. మూడు నెలలు చూసి, నచ్చితే ఏడాదికి కాగితం రాస్తారు. ఫ్రెంచి రాదని తెలిస్తే అదే రోజు టికెట్టు.

అమ్మాయి నర్సింగు ఇంకా ఏడాదుంది. అంతవరకైనా గడవాలి.

నవంబరు 14

వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళు. బారెడు మనిషి, నెత్తిన గుడ్డ టోపీ. ఒక పెట్టెలో బట్టలు, రెండో పెట్టెలో ఊరు. ఊరంటే మ్యాపులు, ఫోటోలు, ఊరి చరిత్ర మీద తనే రాసి అచ్చేయించుకున్న లావుపాటి పుస్తకం. ఊరి పేరు సెర్నోల్. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వచ్చేలోపు ఆ పేరు నూరుసార్లు విని ఉంటాను.

ఆయన మాట ఆపినప్పుడల్లా "వీ" అన్నాను. వీ అంటే ఔను. యూట్యూబులో నేర్చుకున్నాను. ఒకచోట గొంతు దిగులుగా మారితే నేనూ "వీ..." అని దిగులుగా సాగదీశాను. దిగేటప్పుడు నా భుజం తట్టి కొడుకుతో ఏదో అన్నాడు.

"నీ ఫ్రెంచి చాలా బాగుందంటున్నాడు మా నాన్న" అన్నాడు సార్.

ఇంతకన్నా సులువైన డ్యూటీ ఖతర్ మొత్తంలో లేదు.

నవంబరు 15

ఈరోజు ప్రశ్న అడిగాడు.

నవంబరు 16

నిన్నటిది ఈరోజు రాస్తున్నాను.

కార్నిష్‌లో సముద్రం చూపిస్తున్నాను. పెద్ద మస్యూ (ఇలాగే పిలవమన్నారు) చేతికర్రతో నీళ్ళవైపు చూపించి ఏదో అన్నాడు. గొంతు చివర్లో పైకి లేచింది కాబట్టి అది ప్రశ్న. "వీ" అన్నాను. నమ్మలేనట్టు మళ్ళీ అడిగాడు. "వీ, వీ" అన్నాను. ఆయన కర్ర నా చేతికిచ్చి బూట్లు విప్పాడు. తర్వాత మేజోళ్ళు. తర్వాత బెల్టు. ఇక్కడ ఈత కొట్టొచ్చా అని అడిగాడని నాకు అర్థమయ్యేసరికి ప్యాంటు మోకాళ్ళ దాకా వచ్చింది, సెక్యూరిటీ వాడు విజిల్ ఊదుకుంటూ పరుగెత్తుకొస్తున్నాడు.

ఇంటికి వచ్చాక ఆయన సార్‌తో ఏమీ చెప్పలేదు. నాకేసి చూసి కన్ను గీటాడు. సాహసం చేయించానని అనుకుంటున్నాడు కాబోలు.

నవంబరు 20

సుబ్బమ్మక్కకి నా గుట్టు తెలిసిపోయింది. రామసుబ్బమ్మ ఈ ఇంట్లో వంట మనిషి, కడప జిల్లా. పదకొండేళ్ళ నుంచి గల్ఫులో ఉంది. ఆవిడ దగ్గర ఏదీ దాగదు.

"ఏం గిరప్పా, నీకు ఆ బాస రాదు గదా? నీ మొగం జూస్తే తెలీదా. ఆయప్ప మాట్లాడినంతసేపూ తలకాయ ఊపుతాండావు, మా ఊర్లో గంగిరెద్దు మాదిరి."

కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. చెప్పనంది. చెప్పకపోగా తన బాధ నాకు చెప్పుకుంది.

"నా ఉప్పు డబ్బా ఎత్తకపాయె. ఖర్జూరాలు ఎత్తకపాయె. యాడికిరా అని జూస్తే ముసలాయన ఖాళీ రూములో ఊరు కడతాండాడు. నా నీలం చున్నీ గూడ నేల మీద పర్చినాడు. రేప్పొద్దున నేను యాడ ఊడ్చల్ల?"

వెళ్ళి చూశాను. నిజమే. కిటికీ వైపు దిండ్లు పేర్చి గుట్ట చేశాడు, అది సెర్నోల్. ఖర్జూరాలు ఇళ్ళు. ఉప్పు డబ్బా చర్చి. గుట్ట కింద గదికి అడ్డంగా నీలం చున్నీ, అది ఏరు. ఏటికి అవతల, తలుపు వైపు, కొత్తిమీర పరిచి పచ్చికబయలు పెట్టాడు. దాని వెనక తలుపు పక్కన విడిగా నాలుగు వెల్లుల్లి రెబ్బలు. వాటివైపు చూసినప్పుడల్లా ఆయన మొహం చిట్లించుకుంటున్నాడు.

"వచ్చినకాడ్నుంచి ఆ ఊరు తప్ప ఇంగో మాట ఆ నోట్లో రాల్యా" అంది సుబ్బమ్మక్క తలుపు దగ్గర నిలబడి. "నువ్వు బాస నేర్చుకునేది ఎందుకప్పా? ఊరు నేర్చుకో, సాలు."

ఈ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది.

నవంబరు 29

పది రోజులుగా రాయడానికి తీరిక లేదు. పెద్ద మస్యూ మధ్యాహ్నం పడుకున్నప్పుడు ఆయన పుస్తకం తీసి, ఒక్కో పేజీ ఫోనులో ఫోటో కొట్టి తర్జుమా చేయించి చదువుతున్నాను. ఫోను తర్జుమాని పూర్తిగా నమ్మడానికి లేదు. సెర్నోల్ ఆవులు 1902లో స్టేషన్ మాస్టర్ని పెళ్ళి చేసుకున్నాయని చెప్పింది. ఆ ఏడు రైలు వచ్చిందని, ఆవులు బెదిరాయని, స్టేషన్ మాస్టర్ పెళ్ళి కూడా అప్పుడే అయిందని నేను సొంతంగా విడదీసుకున్నాను.

జనం నూటఎనభై ఏడుగురు, ఆవులు నాలుగువందల పన్నెండు. ఊరిని మొదట కట్టింది సన్యాసులు, బురదనేల ఎండబెట్టి. తర్వాత మహమ్మారి వచ్చి తొమ్మిదిమందే మిగిలారు, ఆ తొమ్మిదిమందిలో ఇద్దరి మధ్య మాటల్లేవు. రైలు ముప్ఫై ఏడేళ్ళు నడిచి 1939లో ఆగిపోయింది. బడి 1998లో మూసేశారు. చర్చి గంటని 1793లో విప్లవం గొడవలప్పుడు దాచిపెడతామని పక్క ఊరు లూబ్రాక్ వాళ్ళు పట్టుకెళ్ళారు. ఇప్పటికీ దాస్తూనే ఉన్నారు. వెల్లుల్లి రెబ్బలు లూబ్రాకే.

ఫలితం అద్భుతం. ఆయన మాటల్లో ఏదో ఒకటి తెలిసినది తగులుతుంది, వాష్ అంటే ఆవు, క్లోష్ అంటే గంట, మెజోం అంటే ఇల్లు. నేను ఆ ఏడో లెక్కో ఫ్రెంచిలో చెబుతాను (అంకెలూ యూట్యూబులోనే నేర్చుకున్నాను), లేదా అరచేతిలో వేలితో అంకె రాస్తాను. ఆయన ఉప్పొంగిపోయి ఇంకో గంట మాట్లాడతాడు. మేమిద్దరం ఈ మధ్య చాలా విషయాలు చర్చించుకుంటున్నాం.

ఇదంతా ఉద్యోగం కోసమే. లేకపోతే ఎక్కడో ఆవుల ఊరితో నాకేం పని.

డిసెంబరు 5

మా ఆవిడ కృష్ణకుమారి ఫోను చేసింది. ఊరి సంగతులు చెప్పుకున్నాం.

"మనకి బడి మూసేశాక పిల్లలు మరీ తగ్గిపోయారు" అన్నాను.

"బడి మూసేయడం ఏంటండీ? మొన్నేగా రంగులేశారు."

"రైలు ఉన్నన్నాళ్ళూ బాగానే ఉండేది."

"ఏవండీ, మీరు వేళకి తింటున్నారా? మన లంకలో రైలెక్కడిదండీ బాబూ? పడవకే దిక్కులేదు."

మా అత్తగారి మోకాలి ఆపరేషన్ ఎలా జరిగిందో అడగడం మర్చిపోయాను. గంట విషయం మాత్రం చెప్పాను. కృష్ణకుమారి కూడా లూబ్రాక్ వాళ్ళది అన్యాయమేనంది.

డిసెంబరు 9

ఈరోజు ఉత్తరాన అల్ రువైస్ రేవుకి తీసుకెళ్ళాను. చేపల పడవలు, వలలు, కాకులు. పెద్ద మస్యూ పడవలకేసి ఒకసారి చూసి, మా దగ్గర చేపలు ఇంతకన్నా పెద్దవని చేతులు చాపి చూపించాడు. తర్వాత ఒడ్డున కూర్చుని కర్రతో తడి ఇసుకలో గీయడం మొదలుపెట్టాడు.

గుట్ట, చర్చి, ఏరు గీశాడు. ఆవుని కూడా గీశాడు గానీ అది మేకలాగా వచ్చింది. తర్వాత ఏటికి అవతలి పచ్చికబయలు గీసి, దాని మీద కర్రతో టపటపా కొట్టాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. పుస్తకంలో పన్నెండో అధ్యాయం నేను చదివాను కాబట్టి సంగతి తెలుసు. 1866లో పెద్ద వరద వచ్చింది, ఆ రాత్రి ఏరు దారి మార్చుకుంది. వరదకు ముందు ఏరు ఎక్కడ పారిందో అదే రెండూళ్ళకీ హద్దని రెండూళ్ళూ ఒప్పుకున్నాయి. ఎక్కడ పారిందన్న దగ్గరే తగువు. ముందు ఏరు పచ్చికబయలుకి అవతల లూబ్రాక్‌ని ఒరుసుకుని పారేదని, వరదకి మా వైపు జరిగి మా పచ్చికని వాళ్ళ ఒడ్డున పడేసిందని సెర్నోల్ వాదన. మీ మొహం, ఆ నేల ఎప్పుడూ మాదేనని లూబ్రాక్ వాదన. నూటఅరవై ఏళ్ళుగా ఈ రెండూళ్ళ మధ్య పెళ్ళిళ్ళు లేవు.

ఇది అచ్చంగా లంక తగువు! కర్ర తీసుకుని ఆయన ఏటి పక్కనే నేను గోదావరి గీశాను. మా లంక గీశాను. ఎనభై ఆరు వరదలో మా తాత నాలుగెకరాలు తెల్లారేసరికి ఎలా అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయాయో గీశాను. ఆయన "ఓ లా లా" అంటూ నెత్తి మీద టోపీ తీశాడు. పోయిన మా భూమికి టోపీ తీసిన మనిషి ఆయనొక్కడే. నాకు కన్నీళ్ళు వచ్చాయి. ఆయన నా వీపు నిమిరాడు.

కాసేపటికి అల వచ్చి గోదావరినీ సెర్నోల్‌నీ కలిపి తుడిచేసింది. ఇద్దరం లేచి, చేపలు కొనుక్కుని వచ్చేశాం.

డిసెంబరు 12

ఆఫీసుకి దింపుతూ దారిలో లూక్ సార్‌కి మా లంక భూముల సంగతి ఇంగ్లీషులో చెప్పాను. వరద తగ్గాక పాత పాయ ఎక్కడుందో కనిపెట్టడానికి మా నాన్ననే పిలిచేవారని కూడా చెప్పాను. గొప్ప కోసం కాదు, మాటల్లో వచ్చింది.

డిసెంబరు 14

పెద్ద మస్యూ మ్యాపుల పెట్టెలో అడుగున ఒక ఫోటో దొరికింది. విమానం నుంచి తీసిన సెర్నోల్. ఎండాకాలం ఫోటో, నేలంతా గోధుమరంగులో ఉంది.

మా ఊరి పచ్చికబయలు మాదేనని ఈ ఫోటోతో ఒక్క నిమిషంలో తేల్చేద్దామని భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. ఏరు వదిలేసిన పాయ నేలలో దాగదు. పైన ఎంత దున్నినా కింద తడి ఉంటుంది. చుట్టూ ఎండినా ఆ చార పచ్చగా, వంకర తిరిగి కనిపిస్తుంది. దాని వెంట చెట్లు వరసగా లేస్తాయి. మా నాన్న ఇది నాకు పన్నెండేళ్ళప్పుడే నేర్పాడు.

పచ్చికకి అవతల, లూబ్రాక్ వైపు వెతికాను. ఏమీ లేదు. ఎండు గడ్డి.

ఇవతల ఉంది.

డిసెంబరు 15

మళ్ళీ చూశాను. ఫోటో తిరగేసి పట్టుకుని కూడా చూశాను.

డిసెంబరు 16

రాసేస్తాను, ఎవరు చదువుతారు గనక.

ఏరు జరిగింది నిజమే. మా వాళ్ళు చెప్పిన వైపు కాదు, దానికి ఎదురుగా జరిగింది. చున్నీ తలుపు దగ్గర్నుంచి కిటికీ వైపు రాలేదు, కిటికీ దగ్గర్నుంచి తలుపు వైపు వెళ్ళింది. వరదకు ముందు ఏరు ఇంకా సెర్నోల్ గుట్టకే ఆనుకుని పారేది. అంటే పచ్చికబయలు ఎప్పుడూ లూబ్రాక్ వాళ్ళదే. అంతటితో పోతే బాగుండును. పాత పాయకీ ఇప్పటి ఏటికీ మధ్య కొంత నేల ఉంది, ఇన్నాళ్ళూ మాదే అనుకుంటున్నది. ఆ నేల కూడా లూబ్రాక్ వాళ్ళదే. ఆ నేల మీద ఒకే ఒక్క ఇల్లుంది.

పెద్ద మస్యూ పుట్టిన ఇల్లు.

ఆ ఇంటి నేలమాళిగలో ప్రతి చలికాలం నీళ్ళూరి బంగాళాదుంపలు కుళ్ళిపోతాయని ఆయనే పుస్తకంలో రాసుకున్నాడు. నీళ్ళు ఊరకేం చేస్తాయి, ఇల్లు పాత ఏటి పక్కన కూర్చుంది మరి. లూబ్రాక్ మీద నాలుగువందల పేజీలు రాసిన మనిషి పుట్టింది లూబ్రాక్‌లో!

ఫోటో ఎక్కడ తీశానో అక్కడే, అడుగున పెట్టేశాను. నాకు ఫ్రెంచి రాకపోవడం ఎంత మంచిదైందో. పొరపాటున నోరు జారుదామన్నా జారడానికి మాటల్లేవు.

డిసెంబరు 18

నేషనల్ డే. విమానాలు రంగుల పొగ వదిలాయి. మా ఊరి ట్రాక్టర్ల ఊరేగింపు ఇంతకన్నా బాగుంటుంది.

డిసెంబరు 28

కొంప మునిగింది. లూక్ సార్ తండ్రిని సంతోషపెడదామని దోహా అంతా గాలించి ఒకావిడని పట్టుకొచ్చాడు. మదాం ఒడిల్. ఇక్కడే ఏదో స్కూల్లో లెక్కల టీచరు. జనవరి 2 శుక్రవారం భోజనానికి వస్తోంది. మీ నాన్నగారి పక్క ఊరే, లూబ్రాక్, అని చెప్పిందట.

"పరాయి దేశంలో పక్క ఊరి మనిషి దొరకడం ఎంత అదృష్టం!" అన్నాడు సార్. చదువుకున్నవాళ్ళకి ఊరి సంగతులు తెలియవు.

పెద్ద మస్యూ ఆ పేరు విని చెంచా కింద పెట్టేశాడు. తర్వాత గదిలోకి వెళ్ళి వెల్లుల్లి రెబ్బల్లో ఒకటి తీసేశాడు.

సార్ నాతో ఇంకో మాట కూడా అన్నాడు. "నువ్వూ ఉండాలి గిరీ. మా డ్రైవరు ఫ్రెంచి ఇండియా వాడని చెప్పాను, ఆవిడ నీతో మాట్లాడాలని సరదా పడుతోంది."

డిసెంబరు 30

జ్వరం వస్తే బాగుండును. మూడుసార్లు చన్నీళ్ళ స్నానం చేశాను. తుమ్ము కూడా రాలేదు.

జనవరి 2

అయిపోయింది. వరసగా రాస్తాను.

ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి, పొట్టి జుట్టు, పెద్ద నవ్వు. గుమ్మంలోనే నాకు చెయ్యిచ్చి గడగడా ఏదో అంది. "బోంజూర్, సా వా" అని సంచీ అందుకుని వంటింట్లోకి పారిపోయాను. భోజనాలప్పుడు నా రెండు చేతుల్లోనూ గిన్నెలుండేలా చూసుకున్నాను. ఆవిడ నావైపు తిరిగినప్పుడల్లా సుబ్బమ్మక్క లోపల్నుంచి "గిరప్పా!" అని కేకేసేది. ఆ తల్లి రుణం తీర్చుకోలేను.

తిన్నాక పెద్ద మస్యూ ఆవిడని ఊరి గదిలోకి తీసుకెళ్ళాడు. చూపించకుండా ఉండలేడు, అదీ ఆయన బలహీనత. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, చర్చి ఉప్పు డబ్బా చూసి నవ్వింది. మూడే ఉన్న వెల్లుల్లి రెబ్బలు చూసి నవ్వడం ఆపింది. వంగి చున్నీ రెండు కొసలూ పట్టుకుని కిటికీ వైపు, గుట్ట దాకా లాగి పరిచింది.

"నోం!" అని అరిచాడు పెద్ద మస్యూ. మోకాళ్ళ మీద కూలబడి చున్నీ వెనక్కి లాగాడు. ఆవిడా కూర్చుంది. ఈయన లాగుతాడు, ఆవిడ లాగుతుంది. ఏరు గది మొత్తం తిరిగింది. ఖర్జూరాల ఇళ్ళు నాలుగు కొట్టుకుపోయాయి.

"వద్దమ్మా, వద్దు సామీ, నా చున్నీ సినుగుతాది!" అని సుబ్బమ్మక్క మధ్యలో దూరింది.

లూక్ సార్ తెల్లబోయి, వాళ్ళని చల్లబరచడానికి నా వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పాడు. "దెల్తా" అన్న మాట వినిపించింది, డెల్టానే. మా లంక సంగతి చెబుతున్నాడన్నమాట, మా నాన్న సంగతి కూడా. దారిలో గొప్పలు చెప్పిన నా నోరు పడిపోను. ఆవిడ మొహం వెలిగిపోయింది. గబగబా వెళ్ళి పెట్టెలో మ్యాపులు, ఫోటోలు కెలికింది. అడుగునున్నది పైకి తీసింది. విమానం ఫోటో.

దాన్ని, భూతద్దాన్ని నా చేతిలో పెట్టింది. ఫోటోలో ఏటి మీద వేలు పెట్టింది. లూబ్రాక్ వైపు జరిపింది. సెర్నోల్ వైపు జరిపింది. కనుబొమలెత్తి నన్ను అడిగింది. వరదకు ముందు ఎటు?

ఒక్క మాట రాకపోయినా ఆ ప్రశ్న పూర్తిగా అర్థమైంది. జవాబు నా బొటనవేలి కిందే ఉంది.

పెద్ద మస్యూ ఫోటోకేసి చూడడం లేదు. నాకేసి చూస్తున్నాడు. చేతుల్లో టోపీ మెలితిరుగుతోంది. ఆయన ఇంకా నేల మీదే, తన ఖర్జూరాల మధ్య కూర్చుని ఉన్నాడు. అంత పెద్ద మనిషి అంత చిన్నగా ఎలా అయిపోయాడో.

అవతలి వైపు అని వేలు చూపించేస్తే సరిపోయేది. చెయ్యి లేవలేదు. ఏటి విషయంలో అబద్ధం మా ఇంటావంటా లేదు. తన సొంత వాటా పోతున్నా పాత పాయ ఇదేనని చూపించినవాడు మా నాన్న. ఉద్యోగం దగ్గర ఆడిన అబద్ధం వేరు, అది టైపు చేసింది గయాజ్ భాయ్. ఏరు దగ్గర నేను ఆడలేను. నిజం చెబితే ఆ ముసలాయన ఈ గదిలోంచి ఏ ఊరి మనిషిగా లేచి వెళ్తాడు?

సార్ వైపు తిరిగి ఇంగ్లీషులో గట్టిగా చెప్పేశాను. "సార్, నాకు ఫ్రెంచి రాదు. మదాం ఏమడుగుతున్నారో నాకు తెలియదు. ఏ రోజూ రాదు. బయోడేటా అబద్ధం."

సుబ్బమ్మక్క "ఓరి నాయనో" అని చున్నీ నోట్లో కుక్కుకుంది. సార్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఏటి సంగతి అందరూ మర్చిపోయారు. నాక్కావలసిందీ అదే.

పెద్ద మస్యూ ఏమైందని కొడుకుని అడిగాడు. సార్ చెప్పాడు. పెద్దాయన కర్ర ఊతంగా లేచి నిలబడి, కొడుకు మీద విరుచుకుపడ్డాడు. సార్ తర్వాత చెప్పిన ప్రకారం ఆయన అన్నది ఇది: "ఏడు వారాలుగా రోజూ నాతో మాట్లాడుతున్నవాడికి ఫ్రెంచి రాదా? నీకంటే బాగా వచ్చు! చూడు!"

నావైపు తిరిగాడు. "త్రేన్?"

"1902" అన్నాను, ఫ్రెంచిలోనే.

"వాష్?"

"412."

"క్లోష్?"

"1793! లూబ్రాక్!" అని మదాం ఒడిల్ వైపు వేలెత్తి చూపించాను. కొంచెం ఆవేశపడ్డాను.

పెద్ద మస్యూ చేతులు చాచి, చూశారా అన్నట్టు అందరివైపూ తిరిగాడు. అప్పుడు మదాం ఒడిల్ తీయగా నవ్వుతూ నన్ను ఒక చిన్న ప్రశ్న అడిగింది. అందులో తెలిసిన మాట ఒక్కటీ లేదు. అయితే ఈ గదిలో ఇంక మిగిలిన పెద్ద విషయం ఒకటే కదా.

"1866" అన్నాను.

టైమెంతైందని అడిగిందట.

ఆవిడ నవ్వి నవ్వి దిండ్ల గుట్ట మీద పడిపోయింది. సార్ గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. సుబ్బమ్మక్క ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే నవ్వింది. పెద్ద మస్యూ ఒక్కడే నవ్వలేదు. సరైన జవాబు విన్నట్టు గంభీరంగా తల ఊపాడు.

ఆవిడ వెళ్ళేటప్పుడు ఫోటో సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను పెట్టె సర్దుకుంటున్నాను.

జనవరి 4

సార్ ఆఫీసు నుంచి వచ్చి పిలిచాడు. అబద్ధం చెప్పావు అన్నాడు. ఔనన్నాను. ఎవరూ పట్టుకోకుండానే ఎందుకు ఒప్పుకున్నావని అడిగాడు. తల తిరిగిందని చెప్పాను.

నిన్నట్నుంచి తండ్రి అన్నం ముట్టలేదట. గిరి వెళ్తే తనూ వెళ్ళిపోతానని ఆఫీసుకి అయిదుసార్లు ఫోను చేశాడట. చివరికి సార్ ఏడాది కాగితం మీద సంతకం పెట్టాడు. బయోడేటా మాత్రం సరిచేయించుకు రమ్మన్నాడు. అబద్ధం కాగితం ఫైల్లో ఉంచనన్నాడు.

గయాజ్ భాయ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఫ్రెంచి కొట్టేసి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఈడ ఖాళీ ఖాళీ కనపడుతుంది గిరి భాయ్. స్పానిష్ పెట్టమంటవా?"

చేతులు జోడించి బయటపడ్డాను. కృష్ణకుమారికి ఫోను చేసి ఇంకో ఏడాది దొరికిందని చెప్పాను. ఈసారి అత్తగారి మోకాలు కూడా అడిగాను.

జనవరి 6

పెద్ద మస్యూ ఈరోజు వెనక సీట్లో కూర్చోలేదు. ముందు తలుపు తెరుచుకుని నా పక్కన కూర్చున్నాడు. ఎటు వెళ్ళాలో చెప్పలేదు. అల్ రువైస్ రోడ్డు ఎక్కాను. సగం దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపి రెండు కరక్ చాయ్‌లు తెచ్చాను.

చాయ్ చల్లారేదాకా పట్టుకుని కూర్చుని, మాట్లాడడం మొదలుపెట్టాడు. రోజూ మాట్లాడేలా కాదు. గొంతు తగ్గించి, ఒక్కో మాటా ఏరుకుంటూ. రోజూ మధ్యలో ఆగి నా "వీ" కోసం చూసేవాడు. ఈరోజు నా వైపు చూడలేదు. నాకు ఒక్క ముక్క రాదని ఇప్పుడాయనకి తెలుసు. తెలిసే మాట్లాడుతున్నాడు.

నాకు తగిలిన మాటలు కొన్నే. మెజోం, ఇల్లు. కర్రతో నేల మీద పొడుస్తూ, నీళ్ళు. ఆయన తాత పేరు. లూబ్రాక్ అన్న మాట మొదటిసారి తిట్టులా కాకుండా మెల్లగా అన్నాడు, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని. ఎన్నేళ్ళ నుంచి దాస్తున్నాడో వేళ్ళు ముడిచి విప్పి చూపించాడు, పదుల్లో, ఆరు పదులు. తర్వాత టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నేను చూడలేదు, బంకులో రేట్ల బోర్డు చదువుతూ కూర్చున్నాను.

కాసేపటికి టోపీ తలకి పెట్టుకుని, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. నా తొడ మీద గట్టిగా ఒక దెబ్బ వేశాడు. మొహం తేటపడింది. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బస్తా దింపుకున్నవాడిలా ఉన్నాడు. వెంటనే కిటికీలోంచి ఒక ఒంటెని చూపించి, మా ఊరి ఆవులు దీనికంటే ఎంతో అందంగా ఉంటాయని మొదలుపెట్టాడు.

"412" అన్నాను.

బండి స్టార్ట్ చేశాను. ఆయన ఏం చెప్పుకున్నాడో నాకెలా తెలుస్తుంది? నాకు ఫ్రెంచి రాదు.